అశ్వ అండాల ప్రయోగశాల పక్వీకరణ

ఆడగుర్రం అండాశయం నుంచి తీసిన అపక్వ అండాన్ని పోషక ద్రవంలో పెంచి, ఫలదీకరణకు సిద్ధమయ్యే దశకు తెచ్చే ప్రక్రియ. మొదటి ధ్రువకణం (విభజనలో అండం బయటికి నెట్టే చిన్న కణం) వెలువడితే అండం పక్వమైనట్టు లెక్క.

ఆవుల్లో బాగా స్థిరపడిన ఈ పద్ధతి గుర్రాల్లో చాలాకాలం వెనుకబడింది. ఆడగుర్రం ఎదకు సాధారణంగా ఒకే అండం విడుదల చేస్తుంది. హార్మోన్లతో సంఖ్య పెంచే ప్రయత్నాలు అంతగా ఫలించలేదు. పైగా అండం, తాను పెరిగే ద్రవపు తిత్తి అయిన పుటిక గోడను గట్టిగా పట్టుకుని ఉంటుంది. అల్ట్రాసౌండ్ సాయంతో సూది గుచ్చి ద్రవం లాగితే చాలదు. పుటికను పలుమార్లు కడగాలి, గోడను సూదితో గీరాలి.

అసలు చిక్కు అండాల ఎంపికలో వచ్చింది. ఆవుల్లో, చుట్టూ క్యుములస్ కణాలు దట్టంగా అంటుకున్న అండాలే మేలైనవి. తొలి పరిశోధకుల్లో కొందరు గుర్రానికీ ఇదే కొలత వాడారు. పరిశోధకురాలు కాట్రిన్ హిన్‌రిక్స్ బృందం పరిశీలనలు ఇందుకు భిన్నం: క్యుములస్ విచ్చుకున్న అండాలు, క్షీణిస్తున్న పుటికల్లోవైనా సరే, ఎక్కువ శాతం పక్వమవుతాయి. అందుకే పాత ఫలితాల శాతాలను కొత్తవాటి పక్కన నేరుగా పెట్టి పోల్చడం సరికాదు. విచ్చుకున్నవాటికి సుమారు 24–30 గంటలు, దట్టమైనవాటికి 30–36 గంటలు పడుతుందని ఎక్కువ మూలాలు చెబుతాయి. ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంచుతారు. పక్వీకరణ మొదలుపెట్టే ముందు అండాలను రాత్రంతా గది ఉష్ణోగ్రతలో నిలవ ఉంచవచ్చని తేలడం గొప్ప మేలు చేసింది. అశ్వశాలలో తీసిన అండాలను దూరాన ఉన్న ప్రయోగశాలకు పంపే వీలు దానివల్లే కలిగింది.

ప్రయోగశాల ఫలదీకరణతో పుట్టిన "తొలి" గుర్రప్పిల్ల ఏదన్న విషయంలో రచనలు ఏకీభవించవు. ఫ్రాన్స్‌లో 1990లో, ఆ మరుసటి ఏడు పుట్టిన పిల్లలు పరీక్షనాళిక ఫలదీకరణ ఫలితాలే గాని, ఆ అండాలు తల్లి కడుపులోనే పక్వమయ్యాయి. కనుక ఈ వ్యాసం పరిధిలో 1996లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయ బృందం సాధించిన పిల్లకే ప్రాధాన్యం ఇవ్వడం సబబు. అక్కడ ప్రయోగశాలలో పక్వమైన అండంలోకి ఒకే శుక్రకణాన్ని సూదితో ఎక్కించారు. నేటికీ వాడుకలో ఎక్కువగా ఉన్నది ఈ మార్గమే. 2003లో ఇటలీలోని క్రెమోనాలో పుట్టిన తొలి క్లోన్ గుర్రం ప్రొమెటియాకూ ఇలా పక్వమైన అండాలే ఆధారం. సూది అవసరం లేకుండా, శుక్రకణాలను ముందుగా సుమారు 22 గంటలు సిద్ధపరిచి జరిపిన ఫలదీకరణతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ బృందం మూడు పిల్లలు పుట్టాయని 2022లో ప్రకటించింది.

పందేల థరోబ్రెడ్ జాతికి మాత్రం ఈ దారి మూసే ఉంది: సహజ సంపర్కం వల్ల పుట్టని పిల్లను ఆ జాతి వంశావళి పుస్తకాల్లో నమోదు చేయరు.