సి.సి.ఐ.ఇ. ప్రయోగ పరీక్ష

సి.సి.ఐ.ఇ. అనగా సిస్కో సర్టిఫైడ్ ఇంటర్‌నెట్‌వర్క్ ఎక్స్‌పర్ట్. ఇది సిస్కో సిస్టమ్స్ సంస్థ కంప్యూటరు నెట్‌వర్కు నిపుణులకు ఇచ్చు ధ్రువపత్రము. దీనిని పొందుటకు రాత పరీక్షతో పాటు 8 గంటల ప్రయోగ పరీక్షలో కూడ ఉత్తీర్ణులు కావలెను. ఇందులో అభ్యర్థి రౌటర్లు, స్విచ్చిలపై స్వయముగా పనిచేసి, ఇచ్చిన నెట్‌వర్కును షరతుల ప్రకారము నడుచునట్లు చేయవలెను. అందువలన పుస్తక పఠనము కంటె చేతి సాధనకే ప్రాధాన్యము ఎక్కువ. ఆ సాధనకు కావలసిన పరికరములు ఒకప్పుడు నగరములకే పరిమితమై ఉండెను.

చరిత్ర

ఈ ధ్రువపత్రము 1993లో ప్రారంభమైనది. అభ్యర్థుల సంఖ్యలు 1024తో మొదలగును. ఆ మొదటి సంఖ్య ప్రయోగశాలకే కేటాయించబడినది. సిస్కో ఉద్యోగులు కానివారిలో దీనిని మొదట సాధించినది టెర్రీ స్లాటరీ. ఆయన సంఖ్య 1026.

తొలినాళ్ళలో పరీక్ష రెండు రోజులు జరిగెడిది. అభ్యర్థి నిర్మించిన నెట్‌వర్కులో రెండవ రోజున పరీక్షాధికారి కావాలని లోపములు కల్పించగా, అభ్యర్థి వాటిని కనిపెట్టి సరిచేయవలసి ఉండెను. 2001 అక్టోబరు నుండి పరీక్ష ఒక్కరోజుకు కుదించబడినది. 2009 అక్టోబరులో లోప నివారణ మరల 2 గంటల ప్రత్యేక విభాగముగా చేరినది. 2014లో రౌటింగ్, స్విచింగ్ విభాగపు పరీక్ష పూర్తిగా వర్చువల్ పరికరములపైకి మారినది.

పరీక్షా విధానము

2020 ఫిబ్రవరిలో విధానము సమూలముగా మారినది. రౌటింగ్, స్విచింగ్ విభాగము స్థానమున ఎంటర్‌ప్రైజ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ విభాగము వచ్చినది. అభ్యర్థి ముందుగా 120 నిమిషముల అర్హత పరీక్షలో నెగ్గవలెను. తరువాతి ప్రయోగ పరీక్షలో రెండు భాగములు కలవు.

* రూపకల్పన: 3 గంటలు. ఇందులో పరికరములు ఉండవు. పత్రములు, పటములు చదివి నిర్ణయములు తెలుపవలెను. దాటిన ప్రశ్నకు వెనుకకు వెళ్ళుటకు వీలు లేదు.
* నిర్మాణము, నిర్వహణ, మెరుగుదల: 5 గంటలు. ఇందులో పరికరములపై పనిచేయవలెను.

2020 నాటి పాఠ్యప్రణాళికలో నెట్‌వర్కు మౌలిక అంశములకు 30 శాతము, సాఫ్ట్‌వేరు ఆధారిత నెట్‌వర్కులకు 25 శాతము, రవాణా సాంకేతికతలు, భద్రతా సేవలు, ఆటోమేషన్ అను మూడింటికి 15 శాతము చొప్పున కేటాయించిరి. ధ్రువపత్రమును మూడేళ్ళకొకసారి పునరుద్ధరించుకొనవలెను.

సాధన చేయు విధానము

సాధారణముగా అభ్యర్థులు ఒక్కొక్క అంశమును విడిగా అభ్యసించి, పిదప అన్నిటిని కలిపి 8 గంటల పూర్తి నమూనా పరీక్షలు చేయుదురు. ఆదేశములు గుర్తుండుట మాత్రమే చాలదు. ఉదాహరణకు రెండు రౌటర్ల మధ్య పింగ్ పనిచేయుచున్నను, ఓ.ఎస్.పి.ఎఫ్. సంబంధము ఎక్స్‌స్టార్ట్ దశలోనే నిలిచిపోవచ్చును. రెండువైపుల ఎం.టి.యు. విలువలు వేరుగా ఉండుట ఇందుకు తరచు కారణము. ఓ.ఎస్.పి.ఎఫ్., ఇ.ఐ.జి.ఆర్.పి. మార్గములను రెండు చోట్ల ఒకదానిలోకి ఒకటి పంపినపుడు, ట్యాగులతో వడకట్టనిచో ప్యాకెట్లు వలయములో తిరుగు ప్రమాదము కలదు. ఇట్టి లోపములను తామే కల్పించుకొని సరిచేయుట మంచి అభ్యాసము.

ప్రతి అంకము పూర్తియైన వెంటనే ఫలితమును సరిచూచుట, కాన్ఫిగరేషనును భద్రపరచుట, చిక్కుపడిన ప్రశ్నను పక్కన పెట్టి ముందుకు సాగుట అలవాటు కావలెను. చివరి గంటలో చేసిన ఒక మార్పు ఉదయము చేసిన పనిని పాడుచేయవచ్చును గనుక, మొత్తమును మరల సరిచూచుటకు కొంత సమయము మిగుల్చుకొనుట అవసరము.

పరికరములు

2000ల తొలి భాగమున సాధనకు పాత రౌటర్లు, స్విచ్చిలు కొనుట లేదా శిక్షణ సంస్థల ర్యాకులను గంటల లెక్కన అద్దెకు తీసుకొనుట తప్పనిసరిగా ఉండెను. 2005లో క్రిస్టోఫ్ ఫిల్లో రూపొందించిన డైనామిప్స్, నిజమైన రౌటరు సాఫ్ట్‌వేరును సాధారణ కంప్యూటరుపై నడుపగలిగినది. దాని ఆధారముగా జి.ఎన్.ఎస్.3 వచ్చినది. అయితే రౌటరు సాఫ్ట్‌వేరుకు ప్రత్యేక లైసెన్సు కావలెను. సిస్కో వారి ప్యాకెట్ ట్రేసర్ ఉచితమే గాని, అందులో కొన్ని ఆదేశములే పనిచేయును. అది సి.సి.ఎన్.ఎ. వంటి ప్రాథమిక పరీక్షకు తగును. సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ ఉచిత రూపములో ఒకేసారి 5 పరికరముల వరకు నడుపవచ్చును.

తెలుగు ప్రాంతములలో

హైదరాబాదులోని అమీర్‌పేటలో, ముఖ్యముగా మైత్రీవనం పరిసరములలో, కంప్యూటరు శిక్షణ సంస్థలు పెద్దయెత్తున వెలసినవి. తెలుగు జిల్లాల విద్యార్థులు అక్కడి హాస్టళ్ళలో ఉండి నేర్చుకొనుట పరిపాటి అయినది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపూర్ వంటి రైలు మార్గము లేని పట్టణమునుండి వచ్చువారికి శిక్షణ రుసుముతో పాటు నగరములో నెలల తరబడి నివాస వ్యయము కూడ భారమే. సిమ్యులేటర్ల వలన ఆ సాధనలో అధిక భాగము తగిన మెమరీ గల ఒక ల్యాప్‌టాపుతో ఇంటివద్దనే సాధ్యమైనది.

పరీక్షకు మాత్రము ప్రయాణము తప్పదు. భారతదేశమున శాశ్వత ప్రయోగశాల బెంగుళూరులో ఉన్నది. కొల్లాపూర్ వారు పెబ్బేరు వద్ద 44వ నంబరు జాతీయ రహదారిని చేరి, కర్నూలు మీదుగా అచటికి పోవచ్చును. 2020 నాటి మార్పుల కాలమున ఒక్కొక్క ప్రయత్నమునకు రుసుము 1600 అమెరికా డాలర్లు. అందువలన పూర్తి నిడివి నమూనాలను గడువులోపల ముగించగలిగిన పిదపనే పరీక్ష తేదీని నిర్ణయించుకొనుట మేలు.

అక్రమములు

పరీక్షా ప్రశ్నలను బయటికి తెచ్చి అమ్ముట, వాటిని కంఠస్థము చేసి వ్రాయుట నిషిద్ధము. రుజువైనచో ఫలితమును రద్దుచేసి, తిరిగి పరీక్ష వ్రాయకుండ నిషేధించు అధికారము సిస్కోకు కలదు. అట్లు నెగ్గినవారికి ఉద్యోగములో నిజమైన లోపము ఎదురైనపుడు ఆ కంఠస్థ జ్ఞానము అక్కరకు రాదు.