జరిమానా నుంచి పాఠం దాకా

మోటారు చట్టాలు మన దేశంలో చాలాకాలం తప్పు చేసిన డ్రైవరును దండించాయే గాని, అతనికి మళ్లీ నేర్పించే ఆలోచన చేయలేదు. 1914 చట్టం బండికి రిజిస్ట్రేషను, నడిపేవాడికి లైసెన్సు ఉండాలంది. 1939 చట్టంతో లైసెన్సుకు ముందు పరీక్ష, తప్పుచేస్తే కొంతకాలం బండి నడపకుండా కోర్టు ఆపే అధికారం స్థిరపడ్డాయి. పరీక్ష పెట్టే అధికారి జనం నోట బ్రేకు ఇన్‌స్పెక్టరయ్యాడు. 1988 చట్టం వచ్చాక కూడా చాలాకాలం మామూలు ఉల్లంఘనకు మొదటిసారి జరిమానా వంద రూపాయల దాకానే ఉండేది. అది కట్టేస్తే తప్పు మాసిపోయినట్టే లెక్క.

అమెరికా దారి వేరు. కాలిఫోర్నియాలో చిన్న ఉల్లంఘనకు టికెట్ పడినవారు జరిమానా కట్టి, కోర్టు అనుమతితో ట్రాఫిక్ స్కూలు పూర్తిచేస్తే ఆ తప్పుకు రికార్డులో పడిన పాయింటు బీమా కంపెనీ కంటపడదు. ఈ వెసులుబాటు 18 నెలలకు ఒక్కసారే. టెక్సాసులో ఇలాంటిదే 12 నెలలకు ఒకసారి దొరుకుతుంది. ఇంటర్నెట్ వచ్చాక ఈ తరగతులు ఇంట్లోంచే సాగుతున్నాయి. అక్కడి తెలుగువారికి ఇది బీమా ఖర్చు పెరగకుండా కాపాడే ఏర్పాటు.

తెలుగునాట పాఠం తాగి నడిపినవారితో మొదలైంది. 2011 నవంబరులో హైదరాబాదు పోలీసులు ప్రత్యేక తనిఖీలు చేపట్టారు. దొరికినవారిని గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ సంస్థకు కుటుంబ సభ్యులతో సహా రప్పించి కౌన్సెలింగ్ ఇచ్చేవారు. భార్యో తండ్రో పక్కన కూర్చుని వింటుంటే ఆ మాట తగిలే తీరు జరిమానా రశీదుకు ఎన్నటికీ రాదు. 2017 ఆగస్టు 1న తెలంగాణలో పాయింట్ల పద్ధతి వచ్చింది. 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే ఏడాదిపాటు లైసెన్సు పోయేలా దాన్ని పెట్టారు.

అసలు మలుపు 1988 చట్టానికి 2019లో చేసిన సవరణ. హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు, మూడు నెలల అనర్హత. తాగి నడిపితే మొదటిసారి పదివేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్సు సస్పెండైనవారు పునశ్చరణ శిక్షణ పొందాలని 19వ సెక్షనులో చేర్చారు. అలాంటి శిక్షణకు గుర్తింపు పొందిన కేంద్రాల నిబంధనలు 2021 జులై 1న అమల్లోకి వచ్చాయి.

తెలుగునాట సోమల, పుంగనూరు, మదనపల్లె వైపు ఈ శిక్షణ అవసరం ఎక్కువే. టమోటా లోడుతో తెల్లవారకముందే మార్కెట్టుకు పరుగెత్తే బండ్లు, భాకరాపేట, మొగిలి ఘాట్ల మలుపులు, పొలం గట్టు మీంచి నేరుగా తారురోడ్డెక్కే మోటారుసైకిళ్లు ఇక్కడ రోజూ కనిపించేవే. కూలి దినం పోగొట్టుకుని పట్నం దాకా వెళ్లలేనివారికి గుర్తులు, వేగ పరిమితులు, శిక్షలు ఫోనులో తెలుగులో నేర్పగలిగితే మేలే. ఘాట్‌లో గేరు తగ్గించి దిగడం మాత్రం స్టీరింగు పట్టుకునే నేర్చుకోవాలి. గుర్తింపు పొందిన ఆ కేంద్రాల్లో తేలికపాటి వాహనాల కోర్సు 29 గంటల్లో ఎక్కువ భాగాన్ని బండి నడపడానికే కేటాయించింది అందుకే.

మీసేవలో చలానా కట్టి ఊరుకునేవారు ఒక సంగతి గమనించాలి. 200వ సెక్షను ప్రకారం, జరిమానా కట్టి రాజీపడినా శిక్షణ పూర్తిచేయాల్సిన బాధ్యత తప్పదు; అదే తప్పుకు రెండోసారి పట్టుబడితే ఆ పాత తప్పు లెక్కలోకి వస్తుంది.