వంటకం కింద పేరు

మన ఇళ్ళల్లో ప్రతి పిండివంటకీ ఒక చుట్టరికం ఉంటుంది. "ఇవి పెద్దత్తయ్య కొలతతో చేసిన సున్నుండలు" అంటాం. "ఈ పూర్ణం ఏలూరు పిన్ని చెప్పింది" అంటాం. వంట పేరు చెబితే మనిషి గుర్తొస్తారు, మనిషి పేరు చెబితే వంట గుర్తొస్తుంది. ఈ అలవాటు మన ఒక్కళ్ళదే కాదు. అమెరికా, కెనడా ఆడవాళ్ళు పైలూ, బార్‌లూ ఒకరికొకరు నేర్పుకున్న రెండువందల ఏళ్ళ కథ చదివితే మన వంటింటి గోడవతల జరిగినట్టే ఉంటుంది. కాకపోతే వాళ్ళు ఆ వంటకాలను రాసి అచ్చు వేయించారు, అమ్మారు, ఆ డబ్బుతో చాలా పెద్ద పనులు చేశారు. ఆ వంటకాల కింద ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు లేదు అని చూసుకుంటూ పోతే ఆడవాళ్ళ చరిత్ర అంతా అక్కడే దొరుకుతుంది.

తెలియనివాళ్ళ కోసం ముందు ఒక మాట. పై అంటే మైదాలో చల్లటి వెన్న కలిపి, పలచగా ఒత్తి, లోతు పళ్ళెంలో పరిచి, అందులో పూర్ణం నింపి ఓవెన్‌లో కాల్చేది. మన కజ్జికాయ పళ్ళెమంత పెరిగి, నూనెలో మునగకుండా కాలిందనుకోండి. బార్ అంటే మైసూర్‌పాకులాగా పళ్ళెంలో పోసి ముక్కలు కోసేది. రెండూ పంచుకోవడానికే పుట్టాయి. ఒక్క పళ్ళెం చేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోయి పక్కింటికి కూడా వెళుతుంది.

అమెరికా స్వతంత్రం వచ్చిన కొత్తలో అక్కడి ఇళ్ళల్లో ఉన్నవి ఇంగ్లండు వంటపుస్తకాలే. 1796లో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. పేరు 'అమెరికన్ కుకరీ'. అమెరికా మనిషి రాసి అమెరికాలో అచ్చయిన మొదటి వంటపుస్తకంగా దాన్ని చెబుతారు. ఆ నేల మీద పండే గుమ్మడికాయను పాలు, గుడ్లు, మసాలా దినుసులతో కలిపి పిండిగిన్నెలో కాల్చడం, అంటే ఈనాటి గుమ్మడికాయ పై, అందులో ఉంది. రాసినావిడ అమీలియా సిమ్మన్స్. పుస్తకం మొదటి పుటలో తన పేరు పక్కన ఆవిడ ఏం రాసుకున్నారో తెలుసా? 'ఒక అమెరికన్ అనాథ' అని. తండ్రి పేరు లేదు, భర్త పేరు లేదు, పెద్ద ఇంటి పేరు అసలే లేదు. ఉన్నది చేతిలో వంట.

ఆవిడకు అచ్చుకు తగ్గట్టు రాసేంత చదువు లేదు. అందుకని వేరొకరిచేత రాయించుకున్నారు. ఆ రాసినవాళ్ళు ఈవిడ చెప్పనివి కూడా కొన్ని పుటలు సొంతంగా చేర్చేశారు. ఆవిడ ఊరుకోలేదు. అవి తనవి కావని ఆ తర్వాత అచ్చులోనే చెప్పించారు. ఇది చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. సంతకం విలువ తెలిసిన మనిషికే ఆ పౌరుషం ఉంటుంది. తన పేరు కింద తను చెప్పని వంటకం ఉండకూడదు, అంతే.

ఆ తర్వాత డెబ్బై ఏళ్ళకు అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. గాయపడిన సైనికుల కోసం ఊరూరా సంతలు పెట్టి డబ్బు పోగుచేశారు. 1864లో ఫిలడెల్ఫియాలో జరిగిన అలాంటి సంతలో అమ్మడానికి మరియా మాస్ అనే ఆవిడ పద్యాలు కలిపిన వంటపుస్తకం ఒకటి అచ్చు వేయించి ఇచ్చారు. మంచి పని కోసం అమ్మిన మొదటి వంటపుస్తకం అదేనంటారు. అక్కడి నుంచి ఇది పెద్ద సంప్రదాయమైపోయింది. చర్చికి పైకప్పు వేయాలన్నా, ఆసుపత్రికి మంచాలు కొనాలన్నా ఆ ఊరి ఆడవాళ్ళు తలా ఒక వంటకం రాసిచ్చేవారు. ఒకరు ఆపిల్ పై, ఒకరు నిమ్మకాయ పై, మరొకరు అల్లం బిస్కట్లు. అన్నీ కలిపి కుట్టి, అచ్చు వేయించి అమ్మేవారు. డబ్బు చేతిలో లేని ఆడది చందా ఎలా ఇస్తుంది? తనకు వచ్చిన వంటను ఇస్తుంది.

ఆ పుస్తకాల్లో ఒక విషయం కళ్ళకు కడుతుంది. వంటకం కింద ఎక్కువగా కనిపించేది 'మిసెస్' అని, ఆ పక్కన భర్త పేరు. వంట ఆవిడది, పేరు ఆయనది. ఆవిడను పుట్టింట్లో ఏమని పిలిచేవారో ఈరోజు ఆ పుస్తకం తిరగేసేవాళ్ళకు తెలిసే దారే లేదు.

ఈ పద్ధతికి ఎదురు తిరిగినవాళ్ళూ వంటపుస్తకమే చేతపట్టారు. 1886లో బోస్టన్‌లో హాటీ బర్ అనే ఆవిడ కూర్చిన పుస్తకం ఒకటి వచ్చింది. ఆడవాళ్ళకు ఓటు కావాలన్న ఉద్యమం కోసం అమ్మిన వంటపుస్తకం అది. "ఓటు అడిగే ఆడవాళ్ళకు ఇల్లు పట్టదు, పొయ్యి పట్టదు" అని ఎగతాళి చేసే రోజుల్లో ఇంతకన్నా మంచి జవాబు ఏముంటుంది? వైద్యం చేసేవాళ్ళు, రచయిత్రులు, ఉపన్యాసాలిచ్చేవాళ్ళు అందులో తమ వంటకాలు రాశారు. వాళ్ళలో లూసీ స్టోన్ ఒకరు.

ఈవిడ గురించి కొంచెం చెప్పాలి. 1855లో పెళ్ళయ్యాక కూడా పుట్టింటి పేరే ఉంచుకున్నారు. ఆ కాలంలో అది ఎంత వింతో ఊహించండి. 1879లో మసాచుసెట్స్‌లో బడి ఎన్నికల వరకు ఆడవాళ్ళకు ఓటు ఇచ్చారు. లూసీ స్టోన్ పేరు నమోదు చేయించుకున్నారు. భర్త ఇంటిపేరుతో సంతకం చేస్తేనే ఒప్పుకుంటామన్నారు అధికారులు. ఆవిడ చెయ్యనన్నారు. జాబితాలోంచి ఆవిడ పేరు కొట్టేశారు. ఎన్నాళ్ళుగానో అడిగిన ఓటు చేతికందేదాకా వచ్చి, పేరు కోసం వదులుకున్న మనిషి ఆవిడ. 1893లో కన్నుమూశారు. దేశమంతటా ఓటుహక్కు 1920లో వచ్చింది. ఓటర్ల జాబితాలో నిలవని ఆ పేరు వంటపుస్తకంలో మాత్రం చెక్కు చెదరకుండా ఉండిపోయింది.

బోస్టన్‌లోనే ఇంకొక ఆవిడ, ఫానీ ఫార్మర్. పదహారేళ్ళ వయసులో జబ్బు చేసి కాళ్ళు పడిపోయాయి. చాలాకాలం ఇంట్లోనే ఉండి, కోలుకుని, వంట బడిలో చేరి, తర్వాత ఆ బడికే పెద్ద అయ్యారు. 1896లో పుస్తకం రాస్తే అచ్చువాళ్ళకు నమ్మకం కుదరలేదు. మొదటి 3000 ప్రతుల ఖర్చు ఆవిడే పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ పుస్తకం అమ్ముడుపోవడం ఆగనే లేదు. ఆవిడ చేసిన మేలు ఏమిటంటే కొలత. "కొంచెం", "తగినంత", "గుప్పెడు" అనే మాటలు తీసేసి, కప్పు నింపి పైన కత్తితో సమంగా గీసి కొలవమన్నారు. "బెల్లం ఎంత వెయ్యాలమ్మా?" అంటే "చూస్తే తెలుస్తుందిలే" అని అనిపించుకున్న ప్రతి ఆడపిల్లా ఆవిడకు దండం పెట్టాలి. ఎదురుగా నిలబడి నేర్పే మనిషి లేకపోయినా వంట చేతికి వచ్చేది ఆ కొలతతోనే.

బ్రౌనీ అనే చాక్లెట్ బార్ కథ కూడా ఆ పుస్తకంలో ఉంది. 1896 అచ్చులో బ్రౌనీ అన్న పేరుంది కానీ చాక్లెట్ లేదు. చెరకు పాకంతో చేసిన చిన్న కేకులవి. 1906 అచ్చుకు వచ్చేసరికి చాక్లెట్ చేరింది. షికాగోలోని పామర్ హౌస్ హోటల్ వాళ్ళు మాత్రం, 1893 ప్రపంచ ప్రదర్శనకు వచ్చే ఆడవాళ్ళ డబ్బాల్లో పెట్టడానికి బెర్తా పామర్ తమ వంటవాళ్ళతో చేయించిందే మొదటి బ్రౌనీ అని చెప్పుకుంటారు. ఒక వంట బాగా పేరు తెచ్చుకున్నాక తల్లులు ఎక్కువైపోతారు.

ఇరవయ్యో శతాబ్దంలో మరో చిత్రం జరిగింది. పిండి కంపెనీలకు ఆడవాళ్ళు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవారు, కేకు ఎందుకు పొంగలేదని, పై అడుగు ఎందుకు మెత్తబడిందని. జవాబులు ఒక ఆడమనిషి సంతకంతో వెళితే బాగుంటుందని 1921లో ఒక కంపెనీ 'బెటీ క్రాకర్' అనే పేరు కల్పించింది. అలాంటి మనిషి లేదు. ఆ పేరు వెనక కూర్చుని వంటలు చేసి చూసి, జవాబులు రాసినవాళ్ళు మాత్రం నిజమైన ఆడవాళ్ళు.

కెనడాలోనూ ఇదే జరిగింది. పసిఫిక్ తీరాన నానైమో అనే ఊరుంది. అక్కడి బార్‌ను ఓవెన్‌లో పెట్టక్కర్లేదు. అడుగున బిస్కట్ పొడి, కోకో, కొబ్బరి, గింజలు వెన్నతో కలిపి అదిమి పరుస్తారు. మధ్యలో కస్టర్డ్ పొడి కలిపిన తీపి వెన్న. పైన చాక్లెట్ పొర. ఆ కస్టర్డ్ పొడి కథ కూడా ఇంటి కథే. 1837లో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందులాయన, భార్యకు గుడ్డు పడదని గుడ్డు లేని కస్టర్డ్ తయారుచేశారు. గుడ్డు ముట్టని మన ఇళ్ళల్లోకి కూడా కస్టర్డ్ పొడి రాగలిగింది అందుకే.

1952లో నానైమో ఆసుపత్రికి సాయం చేసే మహిళా సంఘం వేసిన వంటపుస్తకంలో ఈ తీపి ఉంది, చాక్లెట్ ముక్కలన్న పేర్లతో. మరుసటి ఏడాది వాంకూవర్ పత్రిక ఒకటి వేసిన పుస్తకంలో 'నానైమో బార్' అన్న పేరు కనిపిస్తుంది. ఆ పుస్తకం మీదున్న ఈడిత్ ఆడమ్స్ కూడా పత్రికవాళ్ళు కల్పించుకున్న మనిషే. చివరకు 1986లో ఆ ఊరి మేయరు పోటీ పెడితే దాదాపు 100 రకాలు వచ్చాయి. జాయిస్ హార్డ్‌కాసిల్ చేసినది గెలిచింది. ఊరి పేరు పెట్టుకున్న తీపికి అలా ఒక నిజమైన ఆడమనిషి పేరు తోడయింది.

పేరు ఉండాలి, ఉండాలి అంటున్నాను కదా. పేరు దాచుకోవడమే ధైర్యమైన సందర్భం కూడా ఒకటుంది.

1955 డిసెంబరులో అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ బస్సులో సీటు ఇవ్వనందుకు అరెస్టయ్యారు. నల్లవాళ్ళంతా బస్సులు ఎక్కడం మానేశారు. 381 రోజులు. ఇళ్ళల్లో పనికి వెళ్ళేవాళ్ళను కార్లలో దింపాలి, పెట్రోలు పోయించాలి. డబ్బు ఎక్కడిది? జార్జియా గిల్మోర్ అనే వంటావిడ తోటి ఆడవాళ్ళను కూడగట్టారు. వాళ్ళు రాత్రిళ్ళు ఇళ్ళల్లో కేకులూ పైలూ చేసి, క్షౌరశాలల్లో, ఇళ్ళ గుమ్మాల్లో అమ్మేవారు. చిలగడదుంప పై అందులో ముఖ్యమైనది. మన మోరంగడ్డే, కొన్ని చోట్ల గెనుసుగడ్డ అంటారు. ఉడికించి మెత్తగా మెదిపి, పాలు, చక్కెర, వెన్న, జాజికాయ కలిపి పిండి గిన్నెలో కాలుస్తారు.

ఆ ఆడవాళ్ళలో చాలామంది తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసేవారు. పేరు బయటపడితే పని పోతుంది. అందుకే ఆ సంఘానికి 'ఎక్కడా లేని క్లబ్బు' అని పేరు పెట్టుకున్నారు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందంటే "ఎక్కడి నుంచీ రాలేదు" అని చెప్పవచ్చు, అబద్ధమూ కాదు. ఎవరు వండారో, ఎవరు కొన్నారో గిల్మోర్ ఒక్కరికే తెలుసు. తన పేరు మాత్రం ఆవిడ దాచుకోలేదు. 1956లో మార్టిన్ లూథర్ కింగ్ మీద జరిగిన కేసులో కోర్టులో నిలబడి బస్సుల్లో తను పడ్డ అవమానం చెప్పారు. ఉద్యోగం పోయింది. కింగ్ ప్రోత్సాహంతో ఇంట్లోనే వండి అమ్మడం మొదలుపెట్టారు. ఆ భోజనాల బల్ల దగ్గరే ఉద్యమం పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. 1990లో, సెల్మా పాదయాత్ర జరిగి 25 ఏళ్ళయిన సందర్భానికి వంట మొదలుపెట్టిన ఆవిడ ఆ రోజుల్లోనే పోయారు. ఆవిడ చేసిన వంటనే పరామర్శకు వచ్చినవాళ్ళకు వడ్డించారు.

గిల్మోర్ వెనకున్న ఆ ఆడవాళ్ళు తెలిసి తెలిసి, ఒక పని కోసం పేరు దాచుకున్నారు. మన ముత్తవ్వల పేర్లు అలా పోలేదు. ఎవరూ అడగక పోయాయి. మనకు మాలతీ చందూర్ గారి 'వంటలు-పిండివంటలు' ఉంది, ఎందరో కొత్త కోడళ్ళను గట్టెక్కించిన పుస్తకం. ఆవిడ పేరు నిలిచింది. మరి ఇళ్ళల్లో చేతిరాత నోటుపుస్తకాల్లో ఉన్నవాళ్ళో? అత్తయ్య, పిన్ని, బామ్మ, ఏలూరావిడ. వరసలున్నాయి, ఊళ్ళున్నాయి, పేర్లు లేవు. వాళ్ళ 'మిసెస్' లాంటిదే మన వరస కూడా. మనకు ఆవిడ ఎవరో తెలుసు కాబట్టి చాలనుకుంటాం. మన మనవరాళ్ళకు ఆ వరస ఎవరిదో కూడా తెలియదు.

అందుకే ఈ పండక్కి అరిసెల పాకం కొలత రాసుకునేటప్పుడు ఇంకో వరుస ఎక్కువ రాయండి. చెప్పినావిడ పూర్తి పేరు, పుట్టిన ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరు. పెద్దవాళ్ళు ఇంకా మన మధ్య ఉండగానే అడగండి. కొలత ఎక్కడైనా దొరుకుతుంది, పేరు మాత్రం వాళ్ళ నోటినుంచే రావాలి.