బండ మాట వినే చెవులు

గోదావరిఖని పక్కన ఒక భూగర్భ గని ముందు నిలబడి ఉన్నారు మీరు. పొద్దుటి షిఫ్టు ఎక్కే వేళ. మస్టర్ కిటికీ ముందు వరుస కదులుతోంది. బైకులు ఒక్కొక్కటే వచ్చి ఆగుతున్నాయి, టీ గ్లాసులు చేతులు మారుతున్నాయి. కాసేపు మనుషుల్నే చూడండి. వరుసలో రెండు వయసులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కొందరు యాభై ఐదు దాటినవాళ్లు. మెట్టు దిగేటప్పుడు ముందు కుడికాలు మోపి, ఎడమకాలిని దాని పక్కకు తెచ్చుకుని, అప్పుడు రెండో మెట్టు దిగుతారు. కొందరు పాతిక, ముప్ఫై మధ్యవాళ్లు. డిగ్రీలు, బీటెక్‌లు చదివి తండ్రి కొలువులోకి వచ్చినవాళ్లు. ఈ రెండు వయసుల మధ్య ఉండాల్సిన నడివయసువాళ్లు పలచగా ఉన్నారు.

ఆ ఖాళీకి ఒక చరిత్ర ఉంది. 1990ల మొదట్లో ఈ గనుల్ని నడిపే సింగరేణి బొగ్గు సంస్థలో లక్షమందికి పైగా పనిచేసేవారు. ఆ దశాబ్దంలోనే సంస్థ నష్టాల్లో కూరుకుపోయి, ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్‌ఆర్ గడప దాకా వెళ్లింది. నిలదొక్కుకుంది కానీ, కొత్తవాళ్లను తీసుకోవడం ఏళ్ల తరబడి నామమాత్రమైంది. ఇవాళ కార్మికులు సుమారు 40 వేలు. అప్పట్లో ఏడాదికి రెండు కోట్ల టన్నులకు అటూ ఇటూగా వచ్చే బొగ్గు ఇప్పుడు ఏడు కోట్లకు చేరింది. అందులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టులదే. భూగర్భ గనుల వాటా పదో వంతుకు అటూ ఇటూ. బొగ్గు లెక్కలో చిన్నదే అయినా, మనుషుల లెక్కలో ఆ పదో వంతు బరువు చాలా ఎక్కువ.

ల్యాంప్ రూమ్‌లో క్యాప్ ల్యాంపు తీసుకోండి. నడుముకు బెల్టు, దానికి బ్యాటరీ, పక్కన సెల్ఫ్ రెస్క్యూయర్. అగ్గిపెట్టె, బీడీ, ఫోను ఏవీ లోపలికి వెళ్లవు. తనిఖీ పూర్తయ్యాక ఇంక్లైన్ (వాలు సొరంగం) నోట్లోకి అడుగు పెడతారు. పది అడుగులు వేసేసరికి ఎండ వెనకబడిపోతుంది. నేల కిందికి వాలుతోంది. కాళ్ల కింద తడి, పక్కన పట్టాలు, తలపైన రూఫ్ బోల్టుల వరుస. గాలి కిందికి తోస్తున్నట్టు వీపుకు తగులుతుంది. మనుషుల్ని దించే చైర్‌లిఫ్టు ఉన్న గనుల్లోనైనా అది దిగాక పనిస్థలం దాకా నడవాల్సిందే. దిగేటప్పుడు బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. ఎక్కేటప్పుడు ఊపిరి మీద పడుతుంది.

మీ ముందు నడుస్తున్నాయన గనిలో భద్రత చూసే మైనింగ్ సర్దార్. విరమణకు ఎంతో కాలం లేదు. 2021లో సింగరేణిలో విరమణ వయసును 60 నుంచి 61కి పెంచారు. ఆఫీసు కాగితం మీద ఒక అంకె మారింది. ఇక్కడ మాత్రం అది ఇంకో ఏడాది ఈ వాలు దిగడం, ఇంకో ఏడాది రాత్రి షిఫ్టు, ఇంకో ఏడాది ఈ ఉక్కపోత. వయసు పెరిగేకొద్దీ వేడిని తట్టుకునే శక్తి తగ్గుతుంది. మసక వెలుతురులో కళ్లకు ఎక్కువ కాంతి కావాలి. రాత్రి షిఫ్టు తర్వాత ఒళ్లు కోలుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. షిఫ్టుల పట్టిక మాత్రం పాతికేళ్లవాడికీ అరవయ్యేళ్లవాడికీ ఒక్కటే.

గాలి బరువెక్కింది. చొక్కా ఒంటికి అతుక్కుంది. లెవెల్ మలుపులో సర్దార్ ఆగుతాడు. చేతికర్ర ఎత్తి పైకప్పును తడతాడు. ఇంకో చేతి వేళ్లను పక్కనే బండకు ఆనిస్తాడు. టంగ్. మరో అడుగు. టంగ్. ఇంకో చోట చప్పుడు మారుతుంది. బోలుగా, మొద్దుగా, లోపల ఏదో విడిపోయినట్టు. వెనక వస్తున్న కుర్రాణ్ని చేత్తో ఆపుతాడు.

"ఇనబడ్డదా తమ్మీ?"

"లేదు కాకా. అంతా ఒక్కతీరే ఉన్నది."

"ఇటు రా. చెయ్యి పెట్టు ఈడ. ఇప్పుడు కొడుత, చూడు."

కర్ర తగులుతుంది. కుర్రాడి ముఖం మారుతుంది. వేళ్ల కింద బండ సన్నగా అదిరింది. పొర విడిచిన రాయి అదురుతుంది. గట్టిది అదరదు. చెవికి అందనిది చేతికి అందింది.

"గిదే. చెవి ఒక్కదాన్నే నమ్మకు. ఆడ సపోర్టు పడేదాక ఎవ్వర్నీ పోనియ్యద్దు."

ఆ స్థలానికి అడ్డు కట్టి, కప్పుకు ఆసరాలు నిలిపే టింబర్‌మన్‌ను పిలుస్తారు. పని ఆగుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు. అందుకే ఈ సంఘటన ఏ రిపోర్టులోనూ పెద్ద అక్షరాలకు ఎక్కదు. జరగని ప్రమాదానికి లెక్క ఉండదు. కానీ ఆ సర్దార్ ఇన్నేళ్ల జీతానికి సంస్థకు తిరిగి ఇస్తున్నది ఎక్కువగా ఇదే. ఆయన మోకాళ్ల విలువ తగ్గుతూ వచ్చిన ఏళ్లలోనే ఈ చేతుల విలువ పెరుగుతూ వచ్చింది. వయసును ఒకే కొలబద్దతో కొలిచే ఏ వ్యవస్థకైనా మొదటిది కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

ఇంకా ముందుకు నడిస్తే యంత్రం హోరు వినిపిస్తుంది. బొగ్గు తవ్వే ఫేస్ దగ్గర ఎల్‌హెచ్‌డీ లోడరు ముందుకూ వెనక్కూ పోతూ పేల్చిన బొగ్గును ఎత్తి పోస్తోంది. ఒకప్పుడు ఇక్కడ తట్టా చెమ్మస్ పట్టుకుని కోల్ ఫిల్లర్లు టబ్బులు నింపేవారు. చేతితో నింపే పని పోయింది. నడుములు విరిచే చాకిరి తగ్గింది, అది మేలే. దాని స్థానంలో చెవులు పగిలే రొద వచ్చింది, దుమ్ము వచ్చింది. పక్కన నిలబడి వినండి. ఈ హోరులో ఏళ్ల తరబడి పనిచేస్తే ముందు పోయేది సన్నని శబ్దాలను పట్టే శక్తి. బండ మాట వినాల్సిన చెవినే ఈ పని తినేస్తోంది. వినికిడి పరీక్షలో ఒక గీత కిందికి జారినప్పుడు ఒక మనిషి ఆరోగ్యంతో పాటు ఒక గని భద్రతలో కొంత కూడా జారిపోతోందని పర్సనల్ విభాగం గుర్తించాలి.

షిఫ్టు ముగిసింది. వాలు ఎక్కుతున్నారు. సర్దార్ మధ్యలో రెండుసార్లు గోడకు ఆనుకుని ఆగుతాడు. కుర్రాళ్లు దాటిపోతున్నారు. ఒక్కడు మాత్రం ఆగి ఆయన టిఫిన్ సంచి అందుకుంటాడు. పైకి వచ్చాక గేటు దగ్గర ముచ్చట్లలో ఒక మాట మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. మెడికల్ బోర్డు.

"ఈసారి పిలిచిన్రా కాకా?"

"పిలిచిన్రు. ఫిట్టు అన్నరు."

ఆ జవాబులో ఉన్న నిరాశను శ్రద్ధగా వినండి. ఒంట్లో బాగానే ఉందని డాక్టర్లు చెబితే మనిషి కుంగిపోవడమేమిటి? ఇంట్లో కొడుకు ఉన్నాడు. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి కొలువు వస్తుంది. విరమణ మరీ దగ్గరపడితే ఆ దారి మూసుకుపోతుంది. కొడుకు వయసు పరిమితి దాటినా మూసుకుపోతుంది. 2016లో ప్రభుత్వం వారసత్వ ఉద్యోగాలు ప్రకటించింది. 2017లో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ప్రభుత్వ సంస్థలో కొలువు తండ్రి నుంచి కొడుక్కి సంక్రమిస్తే మిగతావారి సమాన అవకాశం ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. తర్వాత 2018లో కారుణ్య నియామకాల రూపంలో, నిజంగా జబ్బుపడి పని చేయలేనివారి కుటుంబాలకు దారి తెరిచారు. దానివల్ల ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ దారి కట్టిన తీరు వల్ల తండ్రి ఆరోగ్యం కొడుకు భవిష్యత్తుకు అడ్డుగా నిలబడింది. నయమవ్వాలని కోరుకోవాల్సిన ఇల్లు, నయం కాకూడదని మొక్కుకునే స్థితికి వచ్చింది. మనుషుల చేత ఇంతటి కోరిక కోరించే ఏర్పాటును మార్చి తీరాలి.

బోర్డు ముందు నిలబడ్డ మనిషికి నిజానికి రెండే తలుపులు కనిపిస్తున్నాయి. ఫిట్ అయితే తిరిగి అదే వాలు, అదే షిఫ్టు. అన్‌ఫిట్ అయితే ఇంటికి. మధ్యలో ఉపరితలం మీద తేలికపాటి పని ఉందని అంటారు. దానికి వెళ్తే భూగర్భ అలవెన్సు పోతుంది, హోదా తగ్గుతుందన్న భయం ఉంటుంది. అందుకే ఆ మూడో తలుపు తట్టేవాళ్లు తక్కువ. మొదటి పని ఇదే: యాభై దాటిన ప్రతి కార్మికుడికీ ఆ తలుపు గౌరవంగా తెరిచి ఉంచాలి. జీతం తగ్గకుండా చూడాలి. రాత్రి షిఫ్టులు తగ్గించాలి. మోకాళ్లు పోయాక కుర్చీ పని వెతకడం ఆలస్యం. పోకముందే దూరపు నడకలు తగ్గించాలి, చైర్‌లిఫ్టు లేని గనికి అది తేవాలి.

రెండో పని చదువు అప్పగింత. 1966 నాటి మైన్స్ వొకేషనల్ ట్రైనింగ్ నిబంధనల ప్రకారం ప్రతి కొత్త కార్మికుడూ శిక్షణ కేంద్రం గుండా రావాల్సిందే. అంటే బడి ముందే ఉంది. అందులో గురువుల స్థానంలో ఈ సర్దార్లను, ఈ టింబర్‌మన్‌లను కూర్చోబెట్టాలి. చివరి రెండు మూడేళ్ల సర్వీసు బోధనగా మారితే, వాలు ఎక్కే బాధా తప్పుతుంది, విద్యా మిగులుతుంది. నడివయసు తరం పలచబడ్డ సంస్థలో ఈ అప్పగింత తాత నుంచి నేరుగా మనవడికి జరగాలి. ఆలస్యమైతే మధ్యలో అందుకునేవాడే ఉండడు.

మూడోది, ఇవాళ పాతికేళ్లున్నవాడి గురించి. ఇందాక బండకు చెయ్యి ఆనించిన కుర్రాడు ఇంకా ముప్ఫై ఐదేళ్లకు పైగా ఈ సంస్థలో ఉంటాడు. అతని చెవులకు రక్షణ, ఊపిరితిత్తులకు దుమ్ము లేని గాలి, నడుముకు సరైన సీటు ఈ వారంలోనే మొదలవ్వాలి. వృద్ధ కార్మికుల సమస్య అరవయ్యో ఏట పుట్టదు. మొదటి షిఫ్టు రోజున పుడుతుంది.

తండ్రి జబ్బుపడితే తప్ప కొడుక్కి బతుకు లేదనే నియమం తరతరాలుగా బొగ్గు తవ్విన ప్రాంతానికి తగదు. కొడుక్కి పని అతని చదువును బట్టి రావాలి. తండ్రికి విశ్రాంతి అతని సేవను బట్టి రావాలి. ఈ రెండింటి మధ్య ముడి విప్పడం యాజమాన్యం, సంఘాలు, ప్రభుత్వం ముగ్గురూ కలిసి చేయాల్సిన పని. ఆరోగ్యంగా విరమణ పొందిన కార్మికుణ్ని చూసి అతని ఇల్లు సంతోషించగలిగిన రోజున, సింగరేణి తన మనుషుల్ని సరిగా చూసుకుంటోందని చెప్పొచ్చు.