దవడ నొప్పికి పళ్లను దోషులను చేసిన కాలం

1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు పదకొండు మంది రోగుల గురించి ఒక వ్యాసం రాశాడు. చెవిపోటు, చెవిలో హోరు, తలతిరుగుడు వాళ్ల బాధలు. వెనక పళ్లు ఊడిపోవడంతో కింది దవడ పైకీ వెనక్కీ జరిగి, చెవి ముందున్న కీలు దగ్గర నరాలను నొక్కుతోందని ఆయన తేల్చాడు. సిద్ధాంతం చెవి డాక్టరుది, పని మాత్రం పంటి డాక్టర్లకు దొరికింది. కట్టుడు పళ్లతో దవడ ఎత్తు పెంచడం, ముందుగా తగులుతున్న పళ్లను అరగదీయడం చికిత్సలయ్యాయి. చాలామందికి తగ్గింది కూడా. తగ్గింది కనుక కారణం పళ్లేనని నమ్మారు. దశాబ్దాల పాటు దారి తప్పించింది ఈ తర్కమే.

కాస్టెన్ చెప్పినట్టు అక్కడ నరం నలిగే వీలు లేదని శరీర నిర్మాణ శాస్త్రవేత్త హ్యారీ సిచర్ 1948లోనే వాదించాడు. 1950లలో కొలంబియా విశ్వవిద్యాలయంలో లాజ్లో ష్వార్ట్జ్ దృష్టిని కీలు మీంచి నమిలే కండరాల బిగుతు మీదికి, దాని వెనకున్న ఆందోళన మీదికి మళ్లించాడు. అయినా అరగదీత ఆగలేదు. 1976లో గుడ్‌మన్, గ్రీన్, లాస్కిన్ ఒక చిన్న పరీక్ష పెట్టారు. పళ్లను సరిచేస్తున్నట్టు నటించారే తప్ప పై, కింది పళ్లు కలిసే తీరును, అంటే కాటును, ఏమీ మార్చలేదు. 25 మందిలో 16 మంది బాధ పూర్తిగానో, దాదాపు పూర్తిగానో పోయిందన్నారు!

కొత్త ఫిల్లింగ్ కాస్త ఎత్తుగా ఉంటే దవడ నొప్పి పుట్టదా అంటే, పుట్టొచ్చు, సరిచేస్తే పోతుంది. దాన్ని ఏళ్ల తరబడి వేధించే నొప్పికి వర్తింపజేయడమే పొరపాటు. పళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నా ఏ బాధా లేనివాళ్లు కోకొల్లలు. పైగా కీలు అరిగితే దవడ జరిగి కాటు మారిపోతుంది. అలాంటి చోట కారణమనుకున్నది నిజానికి ఫలితం. పోనీ స్కాన్ తీస్తే తేలుతుందా? ఏ నొప్పీ లేనివాళ్లలోనూ సుమారు మూడో వంతు మందికి కీలులోని డిస్క్ పక్కకు జరిగి కనిపిస్తుంది. 1980లలో అలాంటి డిస్కులు తీసేసి టెఫ్లాన్ పూత ముక్కలు అమర్చారు. అవి చితికి చుట్టూ ఎముకనే తినేశాయి.

అందుకే 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణాలు రోగం తేల్చడానికి వేళ్లతో కండరాన్ని నొక్కి, 'మీ నొప్పి ఇదేనా' అని అడగమంటాయి. నోరు ఎంత తెరుచుకుంటుందో కొలవమంటాయి. నిరాశ, ఆందోళనల గురించీ విచారించమంటాయి. అరగదీసిన ఎనామెల్ మళ్లీ పెరగదు. కాబట్టి దవడ నొప్పికి పళ్లు సరిచేయాలని ఎవరైనా అంటే, పళ్ల జోలికి పోని చికిత్స ముందు చేయమని అడగండి.