గ్వాడలూప్ మౌంటెన్స్: టెక్సాస్‌లోనే ఎత్తైన శిఖరం ఎక్కుతారా? నీళ్ల లెక్క తప్పితే కష్టమే!

లాంగ్ వీకెండ్ వస్తే చాలు.. డాలస్, ఆస్టిన్‌లలో ఉండే మన తెలుగు కుర్రాళ్లు కార్లేసుకుని ట్రెక్కింగ్‌కి బయల్దేరుతున్నారు. ఆ లిస్టులో తరచూ వినిపించే పేరు గ్వాడలూప్ మౌంటెన్స్ నేషనల్ పార్క్. ఎడారి మధ్యలో కొండలు, రాత్రయితే ఆకాశం నిండా చుక్కలు. చూడ్డానికి అద్భుతమే. అయితే ప్లానింగ్ లేకుండా వెళ్తే మాత్రం ఈ కొండలు చుక్కలు చూపిస్తాయి. వెళ్లే ముందు తెలుసుకోవాల్సిన విషయాలివే.

ఎక్కడుంది? ఏంటి స్పెషల్?

పశ్చిమ టెక్సాస్‌లో, న్యూ మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉంటుంది. ఎల్ పాసో నుంచి దాదాపు 175 కిలోమీటర్లు. డాలస్ నుంచి కారులో 8 గంటల వరకు పడుతుంది. విస్తీర్ణం దాదాపు 86 వేల ఎకరాలు. 1972లో నేషనల్ పార్క్‌గా ఏర్పాటైంది.

ఈ కొండలు ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేవంటే నమ్ముతారా? 26 కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడున్న సముద్రంలో స్పాంజ్‌లు, నాచు లాంటి జీవులు పేరుకుని పెద్ద రీఫ్ తయారైంది. తర్వాత అది భూమిలో కూరుకుపోయి, మళ్లీ పైకి లేచింది. అందుకే ఎడారి కొండరాళ్లలో సముద్ర జీవుల శిలాజాలు కనిపిస్తాయి. చూడొచ్చు కానీ, ఒక్క రాయి కూడా తీసుకురాకూడదు.

శిఖరం ఎక్కడం ఎలా?

గ్వాడలూప్ పీక్ ఎత్తు 8,751 అడుగులు. టెక్సాస్‌లో ఇంతకంటే ఎత్తైన చోటు లేదు. పైన్ స్ప్రింగ్స్ దగ్గర ట్రైల్ మొదలవుతుంది. రానూపోనూ దాదాపు 13.5 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 3 వేల అడుగులు. 6 నుంచి 8 గంటలు పడుతుంది. పైన స్టీల్ పిరమిడ్ ఒకటి ఉంటుంది. అక్కడి నుంచి కిందికి చూస్తే ఎల్ కాపిటాన్ కొండ, తెల్లటి ఉప్పు మైదానాలు కనిపిస్తాయి.

తిరుమల మెట్లెక్కిన అనుభవం ఉంది కదా, ఇదెంత అనుకోవద్దు. అలిపిరి దారిలో నీడ ఉంటుంది, నీళ్లుంటాయి, కూర్చుంటే పలకరించే మనుషులుంటారు. ఇక్కడ అవేవీ ఉండవు. ట్రైల్ మీద తాగునీళ్లు చుక్క కూడా దొరకవు.

నీళ్లే అసలు సమస్య

మనిషికి రోజుకి కనీసం 4 లీటర్లు దగ్గర ఉండాలి. అంటే 4 కిలోల బరువు. కొండ మీద రాత్రి క్యాంప్ చేసి మర్నాడు దిగాలంటే 8 లీటర్లు, 8 కిలోలు. టెంట్, స్లీపింగ్ బ్యాగ్ అదనం. చాలామంది బరువు తగ్గించుకోవాలని మొదట తీసేసేది నీళ్ల బాటిలే. అక్కడే ప్రాణం మీదకి వస్తుంది.

సింపుల్ రూల్ ఒకటి గుర్తు పెట్టుకోండి. తెచ్చుకున్న నీళ్లలో సగం అయిపోతే, శిఖరం కళ్లెదుట కనిపిస్తున్నా వెనక్కి తిరగాల్సిందే. ఉత్త నీళ్లే తాగుతూ ఉంటే ఒంట్లో ఉప్పు తగ్గిపోతుంది. ఉప్పు వేసిన పల్లీలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు వెంట ఉంచుకోండి.

తలనొప్పి, వికారం, కాళ్లు పట్టేయడం మొదలైతే నీడ చూసుకుని ఆగాలి. మనిషి తికమకగా మాట్లాడుతుంటే అది వడదెబ్బ లక్షణం. వెంటనే ఒంటిని చల్లబరుస్తూ 911కి ఫోన్ చేయాలి. సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. కాబట్టి ఒంటరిగా వెళ్లొద్దు, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లోనో రూమ్మేట్‌కో చెప్పి వెళ్లండి.

ఎప్పుడు వెళ్లాలి?

అక్టోబర్, నవంబర్ బెస్ట్. అక్టోబర్ చివర్లో మెకిట్రిక్ కాన్యన్‌లో మేపుల్ ఆకులు ఎర్రగా మారతాయి. అక్కడ పగలు మాత్రమే అనుమతి, సాయంత్రం గేటు మూసేస్తారు. చలికాలం, వసంతంలో గాలులు భయంకరంగా వీస్తాయి. సరిగ్గా బిగించని టెంట్లు ఎగిరిపోతాయి. జులై నుంచి సెప్టెంబర్ వరకు మధ్యాహ్నాలు పిడుగులు పడతాయి. అందుకే తెల్లవారుజామునే బయల్దేరి మధ్యాహ్నంలోపు శిఖరం దిగేయాలి.

క్యాంపింగ్ రూల్స్ ఇవే..

* ఎంట్రీ ఫీజు 16 ఏళ్లు దాటిన ఒక్కొక్కరికి 10 డాలర్లు. 7 రోజులు చెల్లుతుంది. వెళ్లే ముందు పార్క్ వెబ్‌సైట్‌లో ఒకసారి చెక్ చేసుకోండి.
* పైన్ స్ప్రింగ్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్లు, టాయిలెట్లు ఉంటాయి. స్నానానికి షవర్లు ఉండవు.
* కొండ మీద రాత్రి ఉండాలంటే పర్మిట్ తప్పనిసరి.
* కట్టెల మంట, బొగ్గుల పొయ్యి రెండూ నిషేధం. బార్బెక్యూ ఆశలు వదులుకోండి. గ్యాస్ స్టవ్ మాత్రమే వాడాలి.
* పార్కులో పెట్రోల్ బంక్, హోటల్ ఉండవు. దగ్గరి బంక్‌కే 50 కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. ట్యాంక్ ఫుల్ చేసుకునే వెళ్లండి.
* డ్రోన్లు ఎగరేయకూడదు. చెత్తంతా వెనక్కి తెచ్చుకోవాలి.
* ఇక్కడ మౌంటెన్ టైమ్ నడుస్తుంది. డాలస్ కంటే గంట వెనక.

వీసా మీద ఉన్నవాళ్లకు ముఖ్య గమనిక

ఇది మెక్సికో సరిహద్దుకు దగ్గర్లోని ప్రాంతం. ఎల్ పాసో చుట్టుపక్కల హైవేల మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉంటాయి. హెచ్-1బీ వాళ్లు పాస్‌పోర్ట్, ఐ-94, స్టూడెంట్లు వాటితో పాటు ఐ-20 వెంట ఉంచుకోవాలి. 18 ఏళ్లు దాటిన విదేశీయులు ఈ పత్రాలు ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలని అక్కడి చట్టమే చెబుతోంది. ఫోన్‌లో ఫొటో ఉంది కదా అనుకోవద్దు, ఒరిజినల్సే తీసుకెళ్లండి.

శిఖరం ఎక్కేంత ఓపిక లేదా? పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉన్నారా? ఫ్రిహోలే రాంచ్ దగ్గర మొదలయ్యే స్మిత్ స్ప్రింగ్ ట్రైల్ నాలుగు కిలోమీటర్లలోపే. ఎడారిలో నీటి ఊట, దాని చుట్టూ చెట్లు చూసి తీరిగ్గా తిరిగి రావొచ్చు. అయితే అక్కడికీ నీళ్ల బాటిల్ మర్చిపోవద్దు. ఆ ఊట నీళ్లు జంతువుల కోసం, తాగడానికి కాదు.