శ్వాస పరికరాల బ్యాటరీ (అగ్నిమాపక సేవ)

అగ్నిమాపక సిబ్బంది పొగలోకి, విషవాయువుల్లోకి వెళ్లేటప్పుడు వీపున మోసే శ్వాస పరికరంలోని ఎలక్ట్రానిక్ భాగాలకు విద్యుత్తు అందించేది ఈ బ్యాటరీ. సాధారణంగా ఊపిరికి దీనితో పని లేదు. సిలిండర్‌లోని గాలి తన పీడనంతోనే మాస్కులోకి చేరుతుంది. 6 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ల వద్ద సుమారు 1,800 లీటర్ల గాలి పడుతుంది; నిమిషానికి 40 లీటర్ల లెక్కన అది 45 నిమిషాలు వస్తుంది. గాలి తగ్గినప్పుడు మోగే ఈల కూడా గాలితోనే నడుస్తుంది.

ఉపయోగం: డిజిటల్ ప్రెషర్ గేజి, మాస్కు లోపలి సూచిక దీపాలు, ఆపద అలారం. మనిషి దాదాపు 30 సెకన్లు కదలకపోతే అలారం గట్టిగా మోగి, పడిపోయిన చోటును తోటివారికి తెలుపుతుంది.

మన్నిక: వాడకం, అలారం మోగిన సమయం, నిల్వచోటి వేడిని బట్టి మారుతుంది. పని ముగిశాక అలారం ఆపకపోతే బ్యాటరీ ఊరికే ఖర్చవుతుంది.

నిర్వహణ: డ్యూటీ మారినప్పుడల్లా పరీక్షించాలి. తయారీదారు ఆమోదించిన రకమే వాడాలి. వేరే రకం వేస్తే మండే వాయువుల మధ్య నిప్పురవ్వ పుట్టే ప్రమాదముంది. పాతవీ కొత్తవీ కలపకూడదు, అన్నీ ఒకేసారి మార్చాలి. మార్పిడి మంటలకు దూరంగా, శుభ్రమైన చోట జరగాలి. ఆల్కలైన్ బ్యాటరీలు కారితే కాంటాక్టులు తుప్పు పడతాయి.